‘150 ఆంప్స్ బ్యాటరీ గంటన్నర కూడా రావట్లేదు.. ఇంట్లో మాటలు ఆగిపోయాయి!’

కరీంనగర్ జిల్లాలోని ఒక మండల కేంద్రం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. పెద్ద ఉత్తరం కాబట్టి సారాంశం ఇస్తున్నాం.

ఆమె ఇంట్లోనే బట్టలు కుడతారు. భర్తకు కిరాణా కొట్టు ఉంది. కొడుకు పదో తరగతి. ఆస్తమా ఉన్న మామగారికి రాత్రిళ్లు ఫ్యాన్ ఆగితే ఊపిరాడదు, మధ్యమధ్యలో నెబ్యులైజర్ పెట్టాల్సి వస్తుంది. అందుకే మూడేళ్ల కిందట 12 వోల్టుల ఇన్వర్టర్, దానికి 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ కొన్నారు. తెలిసిన షాపులో దగ్గరుండి ఇప్పించింది ఆమె తమ్ముడు. మొదటి ఏడాది కరెంటు పోతే మూడు గంటలు వచ్చేది. ఇప్పుడు మూడు ఫ్యాన్లు, మూడు ట్యూబ్‌లైట్లు, టీవీ, వైఫై నడిస్తే గంటా ఇరవై నిమిషాలకే ఆగిపోతోంది.

‘ఫ్యాన్ అర ఆంప్ కూడా తీసుకోదు. ఇల్లంతా కలిపినా రెండు ఆంప్స్ దాటదు. 150 ఆంప్స్ బ్యాటరీ 75 గంటలు రావాలి. మీ తమ్ముడు, షాపువాడు కలిసి నన్ను ముంచారు’ అని భర్త పట్టుబట్టారు. బావమరిదితో మాటలు లేవు. ‘అది ఆంప్స్ కాదు నాన్నా, ఆంపియర్ అవర్. అంటే విద్యుత్ ఆవేశం, ప్రవాహం కాదు’ అని కొడుకు అన్నందుకు ‘నాకే పాఠాలు చెబుతావా’ అని గట్టిగా తిట్టారు. వాడూ తండ్రితో ముభావంగా ఉంటున్నాడు. గొడవ తీర్చాలని తమ్ముడు ‘అదే రకం బ్యాటరీ ఇంకోటి కలిపితే 300 ఆంప్స్ అవుతుంది, సరిపోతుంది’ అంటున్నాడు. భర్త మాత్రం వేరే షాపులో 220 ఏహెచ్ బ్యాటరీ కొనాలంటున్నారు. ఆమె దగ్గర చిట్టీ ఎత్తిన డబ్బు 18,000 ఉంది. ‘వీళ్లలో ఎవరి మాట నిజం? ఈ డబ్బు దేనికి పెట్టాలి?’ అని అడిగారు. రెండు ముఖ్యమైన సంగతులు ఉత్తరం చివర రాశారు: బ్యాటరీలో నీళ్లు తగ్గినప్పుడల్లా ఇంట్లో తాగే ఫిల్టర్ నీళ్లే పోశారట. వచ్చే నెలకు బ్యాటరీ కొని మూడేళ్లు నిండుతాయట.

సమాధానం:

మీ అబ్బాయి చెప్పిందే నిజం. అలాగని మీ ఆయన తెలివితక్కువగా మాట్లాడలేదు. ఆయన వేసిన భాగహారం సరైనదే, కానీ రెండు వేర్వేరు చోట్ల ఉండే ఆంప్స్‌ను ఒకే లెక్కలో కలిపారు. షాపుల్లో, ఎలక్ట్రీషియన్ల నోట్లో ‘150 ఆంప్స్ బ్యాటరీ’ అనే మాట ఎంతగా నలిగిపోయిందంటే, ఈ పొరపాటు చేయని ఇల్లు అరుదు. ముందు ఇది విడదీద్దాం, డబ్బు సంగతి ఆ తర్వాత.

ఆంపియర్ అనేది వేగం. సెకనుకు ఎంత విద్యుత్ ఆవేశం తీగలోంచి పోతోందో చెబుతుంది. సెకనుకు ఒక కులూంబ్ పోతే ఒక ఆంపియర్. ఆంపియర్ అవర్ అనేది మొత్తం. ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు పోతే ఎంత ఆవేశం పోయిందో అదే ఒక ఆంపియర్ అవర్, అంటే 3,600 కులూంబులు. మీ పనిలోనే చూడండి. గంటకు ఎన్ని జాకెట్లు కుడతారన్నది వేగం, సాయంత్రానికి ఎన్ని కుట్టి పెట్టారన్నది మొత్తం. ‘తొమ్మిది జాకెట్లు కుట్టాను’ అంటే గంటకు తొమ్మిది కుట్టినట్టు కాదు కదా. బ్యాటరీ మీద రాసిన 150 మొత్తమే. అందులో ‘అవర్’ అనే ముక్కను షాపులో మింగేస్తే అది వేగంలా వినిపిస్తుంది.

ఇక మీ ఆయన లెక్క. ఫ్యాన్ 75 వాట్లు, ఇంట్లో 230 వోల్టులు. 75ని 230తో భాగిస్తే 0.33 ఆంపియర్. ఆయన అన్నట్టే అర ఆంప్ కూడా కాదు. కానీ ఆ 0.33 ఫ్యాన్ వైపు ఉన్న ఆంపియర్. బ్యాటరీ 230 వోల్టులది కాదు, 12 వోల్టులది. వోల్టేజీ తక్కువైతే అదే వాట్ల పని చేయడానికి అంత ఎక్కువ ఆంపియర్లు లాగాలి. పైగా ఇన్వర్టర్ దాదాపు ఐదో వంతును వేడిగా పోగొడుతుంది.

మీ ఇంటి లోడు చూద్దాం. మూడు ఫ్యాన్లు 225 వాట్లు, మూడు ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్లు 60, టీవీ సుమారు 65, వైఫై 10. మొత్తం 360 వాట్లు. ఇది 230 వోల్టుల దగ్గర 1.6 ఆంపియర్లే. కానీ నష్టం కలుపుకొని బ్యాటరీ ఇవ్వాల్సింది 450 వాట్లు. దాన్ని 12తో భాగిస్తే 37.5 ఆంపియర్లు. మీ ఆయన రెండు అనుకున్నచోట బ్యాటరీ నిజంగా ఇస్తున్నది ముప్పై ఏడున్నర! 150ని దానితో భాగిస్తే కాగితం మీద నాలుగు గంటలు.

ఆ నాలుగు గంటలు కూడా రావు, దానికీ కారణం ఉంది. ఇన్వర్టర్ బ్యాటరీల మీద 150 ఏహెచ్ పక్కన చిన్న అక్షరాలతో ‘సీ20’ అని ఉంటుంది. ఇరవై గంటలపాటు నెమ్మదిగా, అంటే 7.5 ఆంపియర్ల చొప్పున వాడితేనే 150 వస్తుందని దాని అర్థం. త్వరత్వరగా లాగితే యాసిడ్ ప్లేట్ల లోపలి దాకా చేరేలోపే వోల్టేజీ పడిపోతుంది, సుమారు 10.5 వోల్టుల దగ్గర ఇన్వర్టర్ ఆపేస్తుంది. 37 ఆంపియర్ల చొప్పున లాగినప్పుడు కొత్త బ్యాటరీ అయినా 110, 120 ఆంపియర్ అవర్లకు మించి ఇవ్వదు. దాన్ని 37.5తో భాగించండి. మూడు గంటలు. మొదటి ఏడాది మూడు గంటలు వచ్చేదని మీరే రాశారు. అంటే షాపువాడు ఇచ్చింది సరైన 150 ఏహెచ్ బ్యాటరీయే. మీ తమ్ముడు మోసం చేయలేదు అనడానికి మీ ఉత్తరంలోని ఆ ఒక్క వాక్యం చాలు.

ఇంకో మాట. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 1,000 వాట్లు గంటసేపు. 150 ఏహెచ్‌ను 12 వోల్టులతో గుణిస్తే 1,800 వాట్ అవర్లు, అంటే 1.8 యూనిట్లు. అంత బరువైన బ్యాటరీలో ఉన్నది, కొత్తగా నిండుగా ఉన్నప్పుడు కూడా, రెండు యూనిట్లలోపు కరెంటు. మీ ఆయన బిల్లు నెలనెలా చూసే మనిషే కాబట్టి, 75 గంటల ఆశ ఎందుకు నెరవేరదో ఈ లెక్క ఆయనకు త్వరగా ఎక్కుతుంది.

అసలు సమస్య ఇప్పటిది. 37.5 ఆంపియర్ల చొప్పున గంటా ఇరవై నిమిషాలు అంటే 50 ఆంపియర్ అవర్లు. 115 ఇవ్వాల్సింది 50 ఇస్తోంది. ట్యూబులర్ బ్యాటరీకి మూడేళ్లకే ఇంత పడిపోవడం తొందరే. నా అనుమానం మొదట నీళ్ల మీదికే పోతోంది. ఫిల్టర్ నీళ్లు మనం తాగడానికి మంచివేగానీ వాటిలో లవణాలు కరిగే ఉంటాయి. అవి పోసిన కొద్దీ సెల్‌లో (బ్యాటరీ లోపలి ఒక్కో అరలో) పేరుకుని ప్లేట్లను పాడుచేస్తాయి. డిస్టిల్డ్ వాటర్ తప్ప ఏ నీళ్లూ పోయకూడదు. యాసిడ్ అసలే పోయకూడదు, ఆవిరయ్యేది నీళ్లే, యాసిడ్ కాదు. రెండో అనుమానం చార్జింగ్ మీద. 115 ఆంపియర్ అవర్లు వాడితే తిరిగి 130 దాకా ఎక్కించాలి. ఇన్వర్టర్ 10 ఆంపియర్లతో చార్జ్ చేస్తుంటే అది 13 గంటల పని, చివరి భాగం ఇంకా నెమ్మదిగా సాగుతుంది. ఈలోపే మళ్లీ కరెంటు పోతే సగం నిండిన బ్యాటరీయే మళ్లీ ఖాళీ అవుతుంది. అలా నెలల తరబడి జరిగితే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి, ఎంత చార్జ్ చేసినా కరగదు.

కాబట్టి డబ్బు తీసేముందు రెండు కొలతలు చేయించండి.

మొదటిది హైడ్రోమీటర్, అంటే బ్యాటరీలోని యాసిడ్ ఎంత చిక్కగా ఉందో చూపే గొట్టం. బ్యాటరీలు చూసే ఎవరి దగ్గరైనా ఉంటుంది. కిటికీలు తీసి, అగ్గిపుల్ల దగ్గరకు రానివ్వకుండా, చేతికి గాజులు, ఉంగరాలు లేకుండా, కళ్లద్దాలు పెట్టుకుని చేయాల్సిన పని. ప్లేట్లు బయటపడి ఉంటే ముందు అవి మునిగేంతే డిస్టిల్డ్ వాటర్ పోసి, రాత్రంతా నిండుగా చార్జ్ చేసి, ఆ తర్వాతే గుర్తు దాకా నింపాలి. నీళ్లు పోసిన వెంటనే రీడింగ్ తీస్తే పైన తేలిన నీళ్ల రీడింగే వస్తుంది, మోసపోతారు. ఆరు సెల్స్‌లోనూ విడివిడిగా చూసి కాగితం మీద రాయించుకోండి. నిండిన ట్యూబులర్ బ్యాటరీలో సాధారణంగా 1.240 దరిదాపుల్లో ఉండాలి. సరైన అంకె మీ బ్యాటరీ లేబుల్ మీద ఉంటుంది. ఆరూ బాగుంటే లోపం బ్యాటరీది కాకపోవచ్చు, టెర్మినల్స్ మీద పట్టిన తుప్పో, వదులైన కేబులో, ఇన్వర్టరో కావొచ్చు. ఆరూ సమానంగా తక్కువగా, 1.190 అలా ఉంటే చార్జింగ్ చాలడం లేదు. ఒకరోజు పైగా ఆపకుండా చార్జ్ చేసి మళ్లీ చూడాలి, కొంత కోలుకోవచ్చు. ఐదు బాగుండి ఒకటి మాత్రం 50 పాయింట్లు (0.050) కింద ఉంటే ఆ సెల్ పోయినట్టే. ఒక్క సెల్ పోతే మొత్తం బ్యాటరీ పోయినట్టు లెక్క, దానికి మరమ్మతు లేదు.

రెండోది మీ ఇంటి గొడవ తీర్చే కొలత. డీసీ కొలవగల క్లాంప్ మీటర్ (తీగ చుట్టూ పట్టి ఆంపియర్లు కొలిచేది) ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మామూలు ఏసీ క్లాంప్ మీటర్ బ్యాటరీ తీగలోని డీసీని కొలవలేదు, దానితో పని కాదు. మల్టీమీటర్ తీగను దాని ఆంపియర్ల రంధ్రంలో పెట్టి బ్యాటరీకి తగిలించనివ్వకండి. అది 10 ఆంపియర్ల దాకా తట్టుకునేది, షార్ట్ అయి చేతుల్లోనే కాలిపోతుంది. మెయిన్ ఆపి, ఇంట్లో రోజూ వేసేవన్నీ వేయండి. క్లాంప్‌ను ముందు ఇన్వర్టర్ నుంచి ఇంట్లోకి పోయే ఫేజ్ తీగ ఒక్కదాని చుట్టూ పెట్టి చదవమనండి. ఒకటిన్నర దగ్గర చూపిస్తుంది. వెంటనే మీటర్‌ను డీసీకి మార్చి, బ్యాటరీ ఎర్రతీగ చుట్టూ పెట్టమనండి. 37కు అటూ ఇటూగా చూపిస్తుంది. అవే ఫ్యాన్లు, అవే లైట్లు, అదే నిమిషం. ఒక్క ఫ్యాన్ ఆపి చూపిస్తే ఎర్రతీగ మీద అంకె ఒక్కసారిగా దాదాపు ఎనిమిది ఆంపియర్లు తగ్గుతుంది. ‘ఫ్యాన్ అర ఆంప్’ అన్న మాట బ్యాటరీ దగ్గర ఎందుకు చెల్లదో మీ ఆయన తన కళ్లతోనే చూస్తారు.

ఆ సమయంలో తమ్ముణ్ని కూడా పిలవాలా అన్నది మీరు ఆలోచించుకోండి. పిలిస్తే అదేరోజు తేలిపోవచ్చు, కానీ మీ ఆయనకు అందరిలో ఓడించినట్టు అనిపించే ప్రమాదం ఉంది. పిలవకుండా, మీ తమ్ముడికి సంబంధం లేని ఎలక్ట్రీషియన్‌తో చేయిస్తే అంకెను నమ్మడం తేలిక, మాటలు కలవడానికి మాత్రం ఇంకొన్నాళ్లు పట్టొచ్చు. మీరు రాసిన తీరు చూస్తే నాకు రెండోదే మెరుగనిపిస్తోంది. మీటర్ పక్కన అబ్బాయిని నిలబెట్టండి, అంకెలు వాణ్ని చదవమనండి. ‘నేను చెప్పలేదా’ అనకూడదని మాత్రం ముందే చెప్పి ఉంచండి.

ఇక 18,000 సంగతి.

మీ తమ్ముడి సలహాతో నేను ఏకీభవించను. మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు కానీ, మూడేళ్ల పాత బ్యాటరీకి కొత్తదాన్ని పక్కపక్కన, అంటే ప్యారలల్‌గా కలిపితే కొత్తది తన చార్జ్‌ను పాతదానిలోకి తోస్తూ ఉంటుంది. పాతదాని చెడ్డ సెల్ రెండింటినీ లాగేస్తుంది. ఏడాది తిరక్కుండా రెండూ పాతవే అవుతాయి. వరుసగా, అంటే సిరీస్‌లో కలిపితే అవి 24 వోల్టులవుతాయి, మీ 12 వోల్టుల ఇన్వర్టర్ కాలిపోతుంది. 24 వోల్టుల ఇన్వర్టర్ కొన్నా అప్పుడు ఉండేది 300 కాదు, 150 ఆంపియర్ అవర్లే. వోల్టేజీ రెట్టింపైంది, ఆవేశం కాదు. ఆంపియర్ అవర్లను పోల్చేటప్పుడు పక్కన వోల్టులు ఎన్నో చూడకపోతే ఇలాగే తప్పుతాం.

మీ ఆయన చెప్పే 220 ఏహెచ్ అర్థం లేనిది కాదు. కొత్తగా ఉన్నప్పుడు ఇదే లోడుకు నాలుగున్నర గంటల పైమాట వస్తుంది. కానీ అంత పెద్దదానికి 20 ఆంపియర్ల దాకా చార్జింగ్ ఇస్తేనే బాగుంటుంది. మీ ఇన్వర్టర్ ఎంత ఇస్తుందో వెనక లేబుల్ మీద చూడండి, 10 మాత్రమే ఉంటే అది నిండడానికి ఒక పగలూ రాత్రీ పడుతుంది. కరెంటు రోజూ పోయే సీజన్‌లో అది ఎప్పుడూ సగమే నిండి, ఇప్పటి బ్యాటరీ దారినే పోతుంది. 15 లేదా అంతకంటే ఎక్కువ ఇచ్చే ఇన్వర్టర్ అయితే, వాడకం రోజుకు ఒకసారికి మించకపోతే, 220 తీసుకోవచ్చు.

మూడో దారి లోడు తగ్గించడం. బీఎల్‌డీసీ ఫ్యాన్ (బ్రష్‌లు లేని, తక్కువ కరెంటు తీసుకునే మోటారుది) 75 బదులు 30 వాట్లతో తిరుగుతుంది. మూడు మారిస్తే 225 వాట్లు 90 అవుతాయి. కరెంటు పోయినప్పుడు టీవీ ఆపేస్తే మొత్తం 160 వాట్లు, బ్యాటరీ మీద 17 ఆంపియర్లు. ఇప్పటి నీరసపు బ్యాటరీతోనే మూడు గంటలు వస్తుంది, నెమ్మదిగా లాగుతాం కాబట్టి ఇంకాస్త ఎక్కువే ఇవ్వొచ్చు. కొత్త 150 ఏహెచ్ పెడితే ఏడు, ఎనిమిది గంటలు. బిల్లూ తగ్గుతుంది. ఇబ్బందల్లా పడిపోతున్న బ్యాటరీ ఇంకా పడిపోతూనే ఉంటుంది, కొన్నాళ్లకు ఎలాగూ కొనాలి. అయినా మీ స్థానంలో ఉన్నవారికి ముందు ఫ్యాన్లు, తర్వాత 150 ఏహెచ్ బ్యాటరీయే ఎక్కువ రోజులు ఆదుకుంటుంది. పాత బ్యాటరీ తిరిగిస్తే షాపులో అందులోని సీసం విలువను కొత్తదాని ధరలో తగ్గిస్తారు, ఇవ్వకుండా పడేయకండి.

మామగారి విషయం దీనికోసం ఆగనక్కర్లేదు. రాత్రి ఆయన గదిలో ఒక ఫ్యాన్, ఒక తొమ్మిది వాట్ల బల్బు మాత్రమే ఉంచితే బ్యాటరీ మీద తొమ్మిది ఆంపియర్లే. ఇవాళ్టి బ్యాటరీయే ఐదు గంటలు తోడుంటుంది. నెబ్యులైజర్ వెనక ఉన్న వాట్లు చూడండి. వంద అనుకుంటే బ్యాటరీ నుంచి పది ఆంపియర్లు లాగుతుంది, చూడ్డానికి పెద్దదే. కానీ పది నిమిషాలే కాబట్టి మొత్తం రెండు ఆంపియర్ అవర్లు కూడా కాదు. వేగం వేరు, మొత్తం వేరు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. అది వాడటానికి వెనకాడకండి. మీ కుట్టుమిషన్ మోటారూ అంతే, పెడల్ తొక్కినంతసేపే లాగుతుంది. రాత్రి కరెంటు పోతే ఇల్లంతా వదిలేసి ఆ గది ఒక్కటే నడిచేలా స్విచ్‌లు ఆపే అలవాటు ఇంట్లో అందరికీ చేయండి.

మీ అబ్బాయికి రెండు మాటలు. బాబూ, నీ లెక్క ఇలా వేసుకో: 7.5 ఆంపియర్లు ఇరవై గంటలు, అంటే 72,000 సెకన్లు. గుణిస్తే 5,40,000 కులూంబులు. ఒక పిడుగు కింద పడ్డప్పుడు దిగే ఆవేశం మామూలుగా పదుల కులూంబుల్లోనే ఉంటుంది. అలాగని ఈ బ్యాటరీలో పిడుగు కంటే వేల రెట్లు ఆవేశం దాచి ఉందనుకోకు. బ్యాటరీలో మిగులు ఆవేశం ఏమీ ఉండదు. ఒక కొసలోంచి ఎన్ని ఎలక్ట్రాన్లు బయటకు పోతాయో రెండో కొసలోంచి అన్నే లోపలికి వస్తాయి. ఖర్చయ్యేది ఎలక్ట్రాన్లు కాదు, వాటిని తోసే రసాయన శక్తి. 5,40,000 అనేది తోయగలిగిన మొత్తం. ఫోన్ బ్యాటరీ మీద 5,000 ఎంఏహెచ్ అని ఉంటే అది 5 ఆంపియర్ అవర్లు, 18,000 కులూంబులు. 1948 నుంచి ఆంపియర్‌ను రెండు సమాంతర తీగల మధ్య బలంతో నిర్వచించేవారు. 2019 మే 20 నుంచి ఎలక్ట్రాన్ ఆవేశాన్ని 1.602176634 × 10⁻¹⁹ కులూంబులుగా స్థిరపరిచి దాని నుంచి ఆంపియర్‌ను రాబడుతున్నారు. పరీక్షలో మాత్రం నీ పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే రాయి: కాలం సెకన్లలోకి మార్చకుండా గుణిస్తే మార్కులు పోతాయి.

అమ్మా, చివరగా అన్నిటికంటే తొందర ఉన్న పని. వారంటీ కార్డు ఇవాళే తీసి చూడండి. చాలా బ్యాటరీలకు కొన్ని నెలలు పూర్తి వారంటీ, ఆ తర్వాత కొన్ని నెలలు ధరలో కొంత తగ్గింపు ఇచ్చే వారంటీ ఉంటాయి. మూడేళ్లు వచ్చే నెలకు నిండుతాయన్నారు. పూర్తి వారంటీ 36 నెలలైతే మీ చేతిలో ఉన్నవి ఈ కొద్ది రోజులే. హైడ్రోమీటర్ రీడింగులు ఈ వారంలోనే తీయించి, కార్డు, బిల్లు, ఆ కాగితం మూడూ కలిపి షాపులో ఇచ్చి, ఫిర్యాదు నంబరు రాయించుకోండి. ఒక సెల్ పోయిందని తేలితే కొత్త బ్యాటరీ ఇవ్వొచ్చు, లేదా ధరలో కోత పెట్టి ఇవ్వొచ్చు. ఏ నీళ్లు పోశారని అడుగుతారు. ఫిల్టర్ నీళ్లని చెబితే వారంటీ నిరాకరించే వీలుంది, అయినా ఉన్నదే చెప్పండి. షాపుకి మీ ఆయన ఒక్కరినే పంపకుండా, బిల్లు ఎవరి పేరున ఉందో చూసుకుని వాళ్లు వెళ్లాలి. తమ్ముడి పేరున ఉంటే మాత్రం అతనికి ఫోన్ చేయక తప్పదు.